జాబితా నుంచి ఆప్షన్లు: మదనపల్లె రైతులంతా ఐరాలకు ఎట్లా చేరారంటే

ముందు ప్రశ్న ఏమిటో రెండు ముక్కల్లో చెప్పుకుందాం, తరవాత చదివేవాళ్లకు కూడా దారి దొరుకుతుంది. తిరుపతిలో బీటెక్ చివరి సంవత్సరం చదివే తమ్ముడు చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి, కాయ తెచ్చే రైతులు టోకెన్ తీసుకునే వెబ్ ఫారం చేస్తున్నాడు. రైతు పేరు, జిల్లా, మండలం, కాయ రకం, ఎన్ని టన్నులు, అంతే. వెనకాల జాంగో (పైథాన్ భాషలో వెబ్‌సైట్లు కట్టే సరంజామా), ముందర బ్రౌజర్‌లో కాస్త జావాస్క్రిప్ట్. రకాలూ మండలాలూ మొదట టెంప్లేట్‌లో చేత్తో రాశాడు. మేనేజరు రోజుకొకటి కలపమంటుంటే విసుగొచ్చి, జాబితా పెట్టుకుని లూప్ తిప్పాడు, అంటే ఒక్కో పేరుకూ అదే పని మళ్లీ మళ్లీ చేయించాడు. ఇప్పుడు మూడు చిక్కులు. మండలం ఎంచుకునే డబ్బాలో (డ్రాప్‌డౌన్‌లో) సోమల ఒక్కటే కనబడుతోంది. అడ్మిన్‌లో కొత్త రకం కలిపితే, సర్వర్ ఆపి మళ్లీ లేపితేగానీ ఫారంలోకి రావడం లేదు. ఆ రెండూ ఎట్లాగో దాటి పంపితే, మండలం కింద "సరైన ఎంపిక కాదు" అని ఎర్ర అక్షరాలు.

తమ్ముడూ, నువ్వు అడగని నాలుగో చిక్కు ఒకటుంది. నీ ఎడిట్ పేజీ చూస్తే అది రేపో మాపో నీకూ తగులుతుందని తెలుస్తోంది. ఈ మూడూ కంటికి కనిపించే తప్పులు, ఎవరో ఒకరు అరిచి చెబుతారు. నాలుగోది అరవదు. దాని సంగతి మధ్యలో చెబుతా.

కోడ్ మాత్రం అతికించను. అతికిస్తే కాపీ కొట్టుకుని పోతావు, వచ్చే సీజన్‌కు మళ్లీ ఇక్కడికే వస్తావు. మాటల్లో చెబుతా, రాసుకునేది నువ్వే.

సోమల సంగతి అయిదు నిమిషాల పని. లూప్ లోపల, సెలెక్ట్ (ఎంపిక డబ్బాను గీసే ట్యాగు) తాలూకు ఇన్నర్ హెచ్‌టీఎంఎల్‌కు ఉత్త సమానం గుర్తు పెట్టి ఆప్షన్ (డబ్బాలో ఒక ఎంపిక) ఇస్తున్నావు. అంటే ప్రతి చుట్టులోనూ ముందు రాసింది చెరిపి కొత్తది రాస్తున్నావు. ఎక్కాలు రాసే పిల్లవాడు ఒక్కో వరసకూ పలక తుడిచినట్టు. 31 మండలాలు రాసి 30 తుడిచావు. అక్షరక్రమంలో సోమల చివర ఉంది కాబట్టి అది బతికింది. దీనికి తోబుట్టువు లాంటి తప్పు ఇంకోటి ఉంది, టెంప్లేట్‌లో చేస్తారు: సెలెక్ట్ ట్యాగును కూడా లూప్ లోపలే తెరవడం. అప్పుడు ఒక్కో డబ్బాలో ఒక్కో మండలంతో 31 డబ్బాలు వరసగా వస్తాయి. సెలెక్ట్ లూప్‌కు బయట, ఆప్షన్ లూప్‌కు లోపల. ఇది ఒకసారి చేతికి అలవాటైతే మళ్లీ పోదు.

సమానం తీసి ప్లస్-సమానం పెట్టమని ఎవరైనా చెబుతారు. సోమలకు తోడు దొరుకుతుంది, నిజమే. కానీ అట్లా చేస్తే ప్రతి చుట్టులోనూ బ్రౌజర్ అప్పటిదాకా కట్టిన ఆప్షన్లన్నిటినీ కూల్చి మళ్లీ కడుతుంది. ముప్పైకి తెలియదు. ఊళ్ల జాబితా వేసి, కాటా దగ్గర ఉండే పాత ఫోన్‌లో తెరిచి చూడు, తెలుస్తుంది. అంతకంటే పెద్ద లోపం, పేరును పేరుగా కాకుండా హెచ్‌టీఎంఎల్‌లో అతుకుతున్నావు. పేరులో కోణం గుర్తో కొటేషన్ గుర్తో ఉంటే పేజీ విరిగిపోతుంది. ఎవడైనా కావాలని చెడ్డ కోడ్ దూర్చడానికి కూడా అది దారి ఇస్తుంది. కొటేషన్లు అసలు పెట్టకుండా వాల్యూ (ఆప్షన్ తరఫున సర్వర్‌కు పోయే విలువ) రాసేవాళ్లను చూశాను. వాళ్లకు "వి కోట" అనే మండలం సర్వర్‌కు "వి" అని చేరుతుంది, ఎందుకంటే ఖాళీ రాగానే వాల్యూ అయిపోయిందని బ్రౌజర్ అనుకుంటుంది. రెండు రోజులు డేటాబేస్‌ను తిట్టుకున్న కుర్రాడు నా దగ్గరే పనిచేశాడు.

మంచి దారి: ఒక్కో మండలానికీ న్యూ ఆప్షన్ అని పిలిచి వస్తువును తయారుచేయి, దాన్ని సెలెక్ట్‌కు కలుపు. ఇట్లా ఇచ్చిన పేరు ఉత్త అక్షరాలుగానే ఉంటుంది, హెచ్‌టీఎంఎల్‌గా చదవబడదు. ఒక్కటి గుర్తుంచుకో, అందులో మొదట ఇచ్చేది కనబడే పేరు, రెండోది వాల్యూ. ఇరవైమందిలో పదిమంది తిప్పి ఇస్తారు, నేనూ ఇచ్చాను. కొత్త జిల్లా ఎంచుకున్నప్పుడు పాత ఆప్షన్లు ముందు ఖాళీ చేయడం మరిచిపోకు. సెలెక్ట్ మీద రిప్లేస్ చిల్డ్రన్ అని ఏమీ ఇవ్వకుండా పిలిస్తే ఖాళీ అవుతుంది. లేకపోతే చిత్తూరు మండలాల కింద తిరుపతి మండలాలు వచ్చి చేరతాయి.

ఇప్పుడు అసలు మాట. ఆప్షన్‌కు రెండు ముఖాలు ఉంటాయి. ఒకటి మనిషికి కనబడే పేరు, రెండోది సర్వర్‌కు పోయే వాల్యూ. వాల్యూ రాయకపోతే బ్రౌజర్ పేరునే పంపేస్తుంది, కాబట్టి "నడుస్తోంది కదా" అనిపిస్తుంది. నీ ఫారంలో అదే జరుగుతోంది. మండలం పేరే డేటాబేస్‌లో పడుతోంది, కాయ రకం పేరే పడుతోంది.

పేరు నమ్మదగింది కాదు. నీ ఫ్యాక్టరీకి వచ్చే లోడ్లలో ఎక్కువ తోతాపురే కదా. మనవైపు బెంగుళూరా అంటాం. కోస్తా వైపు నుంచి వచ్చిన సూపర్‌వైజరు కలెక్టరు కాయ అంటాడు. బంగినపల్లినే బేనీషా అనేవాళ్లూ ఉన్నారు. పేరునే గుర్తుగా దాస్తే, సీజన్ చివర మేనేజరు "తోతాపురి మొత్తం ఎన్ని టన్నులు" అని అడిగినప్పుడు మూడు పేర్లతో మూడు లెక్కలు వస్తాయి. మండలాలదీ ఇదే కథ. గంగవరం పలమనేరు పక్కన ఒకటుంది, రంపచోడవరం వైపు ఇంకొకటుంది. వెంకటగిరికోటను అందరూ వి.కోట అనే రాస్తారు, వెంకటగిరి వేరే ఊరు. గంగాధరనెల్లూరును జి.నెల్లూరు అంటాం, కొత్త గుమాస్తా దాన్ని నెల్లూరు అనుకుంటాడు. బంగారుపాళ్యమా బంగారుపాళెమా అనే వాదన మా ఆఫీసులో ఇంకా తేలలేదు.

కాబట్టి వాల్యూలో మారని గుర్తు ఉండాలి. డేటాబేస్‌లో ఆ వరస ఐడీ చాలు. సర్కారు లెక్కలతో ఎప్పుడైనా జత కలపాల్సి వస్తుందనుకుంటే, కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి జిల్లాకూ మండలానికీ ఊరికీ ఒక కోడ్ ఉంటుంది, దాన్ని పక్కన ఇంకో కాలమ్‌లో దాచుకో. కోడ్ ఏ జాబితాలోదో కూడా రాసుకో. ఆంధ్రప్రదేశ్‌కు ఆ డైరెక్టరీలో 28, జీఎస్‌టీలో 37. రెండూ సరైనవే. కలిపి వాడితేనే తలనొప్పి.

నాలుగో చిక్కు ఇక్కడినుంచే పుడుతుంది. ఇది నా కథే, సిగ్గుపడకుండా చెబుతా.

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి కదా. అప్పటిదాకా 66 మండలాల చిత్తూరు జిల్లాలో మదనపల్లె, పీలేరు, తంబళ్లపల్లె వైపు అన్నమయ్య జిల్లాకు పోయాయి. తిరుపతి, చంద్రగిరి, శ్రీకాళహస్తి వైపు తిరుపతి జిల్లా అయింది, నెల్లూరు నుంచి గూడూరు, వెంకటగిరి, సూళ్లూరుపేట వచ్చి అందులో కలిశాయి. నేను అప్పుడు ఒక గుజ్జు యూనిట్‌కు రైతుల రిజిస్టరు చేసి ఇచ్చి ఉన్నాను. సీజన్ ముంచుకొస్తోంది. పాత జాబితా తీసేసి కొత్తది పెట్టాను. చిత్తూరు కింద 31 మండలాలు, అక్షరక్రమంలో, ఐరాలతో మొదలు. కొత్త టోకెన్లు చక్కగా నడిచాయి. చేతులు దులుపుకుని ఇంటికి పోయాను.

పాత రైతుల సంగతి ఎవరూ ఆలోచించలేదు. అకౌంట్స్ గుమాస్తా బ్యాంకు ఖాతా నంబరు మార్చడానికి ఒక మదనపల్లె రైతు పేజీ తెరుస్తాడు. జిల్లా చిత్తూరు అనే ఉంది. మండలాల డబ్బా చిత్తూరు మండలాలతో నిండుతుంది. అందులో మదనపల్లె లేదు. నా లూప్ "పాతది ఏదో దానికి సెలెక్టెడ్ (ఎంచుకున్నది ఇదే అనే గుర్తు) పెట్టు" అని వెతికి, దొరక్క, ఊరుకుంటుంది. ఏ ఆప్షన్‌కూ సెలెక్టెడ్ లేకపోతే బ్రౌజర్ ఏం చేస్తుంది? మొదటి ఆప్షన్‌ను చూపిస్తుంది. అది ఐరాల. గుమాస్తా చూసేది ఖాతా నంబరు, మండలం కాదు. సేవ్ నొక్కుతాడు. ఒక ఎర్ర అక్షరం లేదు, లాగ్‌లో తప్పు లేదు. ఐరాల చిత్తూరు జిల్లాలో నిజంగా ఉన్న మండలమే కాబట్టి సర్వర్ కూడా ఒప్పుకుంటుంది.

అట్లా వారాల తరబడి మదనపల్లె, పీలేరు, చంద్రగిరి రైతులు ఒక్కొక్కరే ఐరాలకు వలస వచ్చారు. "ఐరాలలో ఇంతమంది మామిడి రైతులు ఎప్పుడయ్యారయ్యా" అని మేనేజరు అడిగినప్పుడు గానీ నాకు తెలియలేదు. కాణిపాకం ఆ మండలంలోనే ఉంది. అక్కడికి తీసుకుపోయి ప్రమాణం చేయించినా ఆ డేటాబేస్ పాత మండలం పేరు చెప్పదు, దాని మీద రాసేశాం కదా. పాత బ్యాకప్పులు తీసి, కాగితం రసీదులతో పోల్చి సరిచేయడానికి సంక్రాంతి దాకా పట్టింది.

నీ ఎడిట్ పేజీ సరిగ్గా ఇట్లాగే ఉంది. అందుకే ఇంత పొడుగ్గా చెప్పాను. చేయాల్సింది మూడు చోట్ల ఉంది, మూడూ చెయ్యి, ఒక్కటి చేసి ఆగకు.

డబ్బాలో మొదటి ఆప్షన్ ఎప్పుడూ ఖాళీ వాల్యూతో ఉండాలి, "మండలం ఎంచుకోండి" అని. సెలెక్ట్‌కు రిక్వైర్డ్ పెట్టు. అప్పుడు పాతది దొరక్కపోతే కనబడేది ఆ ఖాళీ ఆప్షన్, ఎంచుకోకుండా బ్రౌజర్ పంపనివ్వదు. జాంగోలో మోడల్ ఛాయిస్ ఫీల్డ్ (డేటాబేస్ పట్టికలోంచి ఆప్షన్లు తెచ్చే ఫీల్డ్) ఈ ఖాళీ ఆప్షన్‌ను తానే పెడుతుంది, గీతలతో. ఎంప్టీ లేబుల్ అనే దాంట్లో మన తెలుగు మాట రాసుకోవచ్చు. కానీ తప్పనిసరి ఫీల్డ్‌కు నువ్వు ముందే ఒక డీఫాల్ట్ విలువ ఇస్తే, ఖాళీ ఆప్షన్‌ను జాంగో పెట్టదు. సౌకర్యం కోసం ఇచ్చిన డీఫాల్ట్ ఇట్లా కాలికి చుట్టుకుంటుంది.

రెండోది, జాబితాలోంచి దేన్నీ చెరిపేయకు. మండలమైనా రకమైనా, పట్టికలో "వాడుకలో ఉందా" అని ఒక అవును-కాదు కాలమ్ పెట్టు. కొత్త టోకెన్‌కు వాడుకలో ఉన్నవి మాత్రమే చూపించు. పాత రికార్డు తెరిచినప్పుడు వాడుకలో ఉన్నవాటితో పాటు, ఆ రికార్డులో ఇప్పటికే ఉన్నదాన్ని కూడా చూపించు, అది వాడుకలో లేకపోయినా సరే. జాంగోలో క్వెరీసెట్‌కు (పట్టికలోంచి ఏ వరసలు తేవాలో చెప్పే మాటకు) "లేదా" పెట్టి రాస్తే ఒక్క వరస. పేరు పక్కన "(పాతది)" అని రాస్తే గుమాస్తాకు కూడా అర్థమవుతుంది. ఫారిన్ కీకి (ఒక పట్టిక వరసను ఇంకో పట్టికకు కట్టే లంకెకు) తొలగించేటప్పుడు ప్రొటెక్ట్ పెట్టు, అడ్మిన్‌లో ఎవరైనా పొరపాటున చెరపబోయినా ఆగుతుంది.

మూడోది పట్టికల అమరిక. మండలం జిల్లాకు వేలాడుతూ ఉండాలి, రైతు మండలానికి వేలాడుతూ ఉండాలి. రైతు దగ్గర జిల్లా పేరు విడిగా దాచకు. అప్పుడు మదనపల్లె మండలం వేరే జిల్లాకు పోతే మండలాల పట్టికలో ఒక్క వరస మారుతుంది, రైతులెవరినీ కదిలించనవసరం లేదు. జిల్లాల గీతలు మళ్లీ కదిలినప్పుడు నువ్వు ఆఫీసులో టీ తాగుతూ కూర్చోవచ్చు.

ఇక రకం రాకపోవడం. నువ్వు ఫారం క్లాస్ ఒంట్లోనే ఛాయిసెస్ అని రాసి, అక్కడే డేటాబేస్‌ను అడిగి జాబితా కట్టావు. పైథాన్ ఆ ఫైలును చదివేటప్పుడు, అంటే సర్వర్ లేచేటప్పుడు, ఆ వరస ఒక్కసారే నడుస్తుంది. అప్పుడు పట్టికలో ఏముందో అదే రాయి మీద చెక్కినట్టు ఉండిపోతుంది. సర్వర్‌లో నాలుగు వర్కర్లు (ఒకే ప్రోగ్రాం తాలూకు నాలుగు నకళ్లు) నడుస్తుంటే ఇంకా తమాషా: ఒక వర్కర్ మధ్యలో మళ్లీ లేస్తే దాని దగ్గర కొత్త జాబితా ఉంటుంది, మిగతా మూడిటి దగ్గర పాతది. పేజీ నొక్కినప్పుడల్లా, కొత్తగా కలిపిన మల్లిక రకం ఒకసారి కనబడి ఒకసారి మాయమవుతుంది. దయ్యం పట్టిందనుకుంటారు. ఇంకో దెబ్బ, కొత్త ల్యాప్‌టాప్‌లో మైగ్రేట్ (పట్టికలు తయారుచేసే ఆదేశం) నడపబోతే "పట్టిక లేదు" అని పడిపోతుంది. పట్టిక తయారుచేయడానికి ముందే ఫారం దాన్ని చదవబోతుంది మరి.

రకాలు డేటాబేస్‌లో ఉన్నాయి కాబట్టి మోడల్ ఛాయిస్ ఫీల్డ్ వాడు, క్వెరీసెట్ ఇవ్వు. క్వెరీసెట్ సోమరిది, ఫారం అవసరం పడినప్పుడే డేటాబేస్‌కు పోతుంది, కాబట్టి ఎప్పుడూ తాజాగా ఉంటుంది. కనబడే పేరు ఎట్లా ఉండాలో లేబుల్ ఫ్రమ్ ఇన్‌స్టాన్స్ అనే మెథడ్‌లో రాసుకో, "తోతాపురి (బెంగుళూరా)" అని రెండు పేర్లూ పెట్టు. మామూలు ఛాయిస్ ఫీల్డే కావాలని పట్టుబడితే, 2015లో వచ్చిన జాంగో 1.8 నుంచి ఛాయిసెస్‌కు జాబితా బదులు ఫంక్షన్ ఇవ్వొచ్చు. ఫంక్షన్ పేరు మాత్రమే ఇవ్వాలి, వెనక బ్రాకెట్లు పెట్టకూడదు. పెడితే అది అక్కడే నడిచిపోయి మళ్లీ మొదటికొస్తావు.

అన్ని జాబితాలూ డేటాబేస్‌లో ఉండాలని కూడా లేదు. చెల్లింపు నగదా బ్యాంకా అనేది మేనేజరు రోజూ మార్చేది కాదు. అది మారితే ఎట్లాగూ కోడ్ మారాలి. అట్లాంటిది కోడ్‌లోనే టెక్స్ట్ ఛాయిసెస్‌గా రాసుకో. నేను పెట్టుకున్న కొలత ఇది: మేనేజరు నాకు ఫోన్ చేయకుండా మార్చాల్సింది డేటాబేస్‌లో, ఫోన్ చేసి మార్చాల్సింది కోడ్‌లో.

మూడో చిక్కు, ఎర్ర అక్షరాలు. ఇది జాంగో తప్పు కాదు, మంచి పనే చేస్తోంది. ఫారం మొదట తెరిచినప్పుడు జిల్లా తెలియదు కాబట్టి మండలాల క్వెరీసెట్ ఖాళీ అని రాశావు. జావాస్క్రిప్ట్ వచ్చి డబ్బా నింపింది. రైతు కుప్పం ఎంచుకుని పంపాడు. సర్వర్‌లో ఫారం మళ్లీ పుడుతుంది, మళ్లీ ఖాళీ క్వెరీసెట్‌తో. వచ్చిన కుప్పాన్ని ఖాళీ జాబితాతో పోల్చి "ఇది నా జాబితాలో లేదే" అంటుంది. బ్రౌజర్‌లో నువ్వు నింపిన ఆప్షన్ల సంగతి దానికేం తెలుసు?

చాలా చోట్ల చెప్పే పరిష్కారం, ఫారం ఇనిట్‌లో (ఫారం పుట్టేటప్పుడు నడిచే మెథడ్‌లో), వచ్చిన డేటాలో జిల్లా చూసి దాని మండలాలతో క్వెరీసెట్ మార్చడం. అది సరైందే, నడుస్తుంది. డేటాలో వచ్చే జిల్లా అక్షరాల రూపంలో వస్తుంది, అంకె కాకుండా చెత్త కూడా రావచ్చు, దాన్ని పట్టుకోవడం మరువకు. నాకైతే ఇంకో దారి ఇష్టం. క్వెరీసెట్‌లో మండలాలన్నీ ఉంచు, క్లీన్ మెథడ్‌లో (వచ్చిన డేటాను సరిచూసే చోట) "ఈ మండలం ఈ జిల్లాదేనా" అని ఒక్క మాట అడుగు. కాదంటే అక్కడే తప్పు చూపించు. చదివేవాడికి ఉద్దేశం తేటగా ఉంటుంది.

అసలు నీకు రెండు డబ్బాలు కావాలా అని కూడా అడుగుతా. నీ ఫ్యాక్టరీకి కాయ వచ్చేది చిత్తూరు, తిరుపతి, అన్నమయ్య జిల్లాల నుంచి. 2022 నాటి లెక్కన మూడూ కలిపినా వంద లోపే మండలాలు. ఒకే సెలెక్ట్‌లో జిల్లాకొక ఆప్ట్‌గ్రూప్ పెట్టు, జిల్లా పేరు తలకట్టుగా, దాని కింద మండలాలు. జిల్లా డబ్బా ఎగిరిపోతుంది, జావాస్క్రిప్ట్ ఎగిరిపోతుంది, ఎర్ర అక్షరాలూ ఎగిరిపోతాయి. మండలం తెలిస్తే జిల్లా తెలిసినట్టే కదా. మూడు చిక్కుల్లో రెండు ఇట్లా చేస్తే పుట్టేవే కావు.

రెండు డబ్బాలే కావాలని మేనేజరు పట్టుబడితే, ప్రతిసారీ సర్వర్‌ను అడగకు. వంద పేర్లు చిన్న మూట, పేజీతో పాటే పంపెయ్యి. జాంగోలో జేసన్ స్క్రిప్ట్ అనే ఫిల్టర్ దీనికోసమే ఉంది. పేర్లలో ఏ గుర్తులున్నా విరగకుండా చుట్టి ఇస్తుంది. టెంప్లేట్‌లో నువ్వే కొటేషన్లు పెట్టి జావాస్క్రిప్ట్ జాబితా అల్లడం మానెయ్యి. ఊళ్ల స్థాయికి పోతే మాత్రం సర్వర్‌ను అడగక తప్పదు. అప్పుడు ఒక సంగతి: రైతు చిత్తూరు నొక్కి, వెంటనే తిరుపతి నొక్కాడనుకో. రెండు పిలుపులు పోయాయి. కొండ కింద సిగ్నల్ సరిగా లేక చిత్తూరు జవాబు ఆలస్యమై, తిరుపతి జవాబు వచ్చేశాక వచ్చిందంటే, పైన తిరుపతి, కింద చిత్తూరు ఊళ్లు ఉంటాయి. కొత్తది పిలిచే ముందు పాత పిలుపును అబార్ట్ కంట్రోలర్‌తో ఆపు.

వరస గురించి రెండు మాటలు. మండలాలు అక్షరక్రమంలో ఉండాలి, జావాస్క్రిప్ట్‌లో పేర్చేటప్పుడు లొకేల్ కంపేర్‌కు తెలుగు భాష కోడ్ ఇవ్వు. కాయ రకాలు మాత్రం అక్షరక్రమంలో పెట్టకు. వచ్చే లోడ్లలో ఎక్కువ తోతాపురి అయినప్పుడు, అల్ఫాన్సోను దాటుకుంటూ రోజంతా కిందికి జరపడం కాటా దగ్గర కూర్చునే మనిషికి శిక్ష. పట్టికలో "వరస" అని ఒక అంకెల కాలమ్ పెట్టి, మేనేజరు చేతికి ఇవ్వు. జూన్‌లో తోతాపురి పైకి తెచ్చుకుంటాడు, అతని ఇష్టం.

తెలుగులో పేర్లు టైపు చేయిస్తున్నావు కాబట్టి ఇంకో దొంగ గురించి చెప్పాలి. పొల్లుతో ముగిసే పేరు వెనక కొన్ని కీబోర్డులు కంటికి కనబడని ఒక అక్షరాన్ని చేరుస్తాయి, యూనికోడ్‌లో 200సి అనే నంబరుది. "ఖాదర్" అనే మామిడి రకం రెండుసార్లు కనబడుతుంది డబ్బాలో, రెండూ అచ్చం ఒకటే. ఒకదాని తోకలో ఆ అక్షరం ఉంది, ఇంకోదాని తోకలో లేదు. యునీక్ (ఒకే పేరు రెండోసారి రాకూడదనే కట్టడి) పెట్టినా డేటాబేస్ పట్టుకోకపోవచ్చు, దాని లెక్కన అవి రెండు వేర్వేరు పేర్లు. సేవ్ చేసే ముందు పేరును ఎన్‌ఎఫ్‌సీ (ఒకే మాటను ఎప్పుడూ ఒకే తీరుగా రాసే యూనికోడ్ పద్ధతి) రూపంలోకి మార్చి, మొదటా చివరా ఖాళీలనూ ఈ కనబడని అక్షరాన్నీ కత్తిరించు. మధ్యలో ఉన్నదాన్ని ముట్టుకోకు. "లాల్‌బాగ్" మధ్యలోది తీసేస్తే ల కింద బావొత్తు పడి ఎవరూ చదవలేని మాట అవుతుంది. పైథాన్‌లో మామూలు స్ట్రిప్ ఈ అక్షరాన్ని ఖాళీగా లెక్కపెట్టదు, విడిగా చెప్పి తీయించాలి.

డబ్బాలో లేనిది ఎవరూ పంపలేరులే అనుకోకు. ఎఫ్12 నొక్కి వాల్యూ మార్చడం తొమ్మిదో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు. జాంగో ఫారం వాడినంతకాలం అది తన జాబితాతో పోల్చి చూస్తుంది. ఫారం దాటేసి రిక్వెస్ట్ నుంచి నేరుగా తీసి సేవ్ చేసే చోట్లు నీ కోడ్‌లో రెండు కనబడ్డాయి, అవి మార్చు. ఏ జాబితా ఆప్షన్లను గీసిందో అదే జాబితా వచ్చినదాన్ని తూకం వేయాలి. రెండు జాబితాలు ఉంటే ఏదో ఒకనాడు అవి విడిపోతాయి.

పీహెచ్‌పీ వాళ్లు, రియాక్ట్ వాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి, పీహెచ్‌పీలో ఫర్‌ఈచ్ లోపల పేరుకూ వాల్యూకూ రెండిటికీ హెచ్‌టీఎంఎల్ స్పెషల్ క్యారెక్టర్స్ తొడుగు. పాత ఎంపిక పోల్చేటప్పుడు మూడు సమానాలు వాడితే డేటాబేస్ నుంచి వచ్చిన అంకె 7, ఫారం నుంచి వచ్చిన అక్షరం "7" ఒకటి కావు, సెలెక్టెడ్ పడదు. రెండిటినీ ఒకే రకానికి మార్చి పోల్చండి. రియాక్ట్‌లో మ్యాప్ తిప్పి, కీకి ఐడీ ఇవ్వండి, వరస నంబరు కాదు. ఎంపికను ఆప్షన్ మీద కాకుండా సెలెక్ట్ మీద వాల్యూగా పెట్టండి.

డేటాలిస్ట్ (టైపు చేసే డబ్బా కింద సూచనలు చూపించే ట్యాగు) వాడొచ్చా అని ఎవరో అడిగారు. ఊళ్ల పేర్లకు పనికొస్తుంది, టైపు చేస్తుంటే సూచిస్తుంది. కానీ సూచిస్తుందే గానీ కట్టడి చేయదు, రైతు ఏది రాస్తే అది పోతుంది. మండలానికీ రకానికీ వద్దు. మూడు నాలుగే ఎంపికలు ఉంటే డ్రాప్‌డౌన్ కూడా వద్దు, రేడియో బటన్లు పెట్టు, ఒక్క నొక్కుతో అయిపోతుంది.

చివరగా, జాబితా అడుగున "ఇతర రకం" అని ఒకటి పెట్టమని మేనేజరు తప్పక అంటాడు. పెట్టు. పెట్టి, దాని పక్కన రకం పేరు రాసే ఖాళీ డబ్బా ఒకటి తప్పనిసరి చెయ్యి. లేకపోతే తొందరలో ఉన్న గుమాస్తా లోడ్లన్నీ అందులోకే తోస్తాడు. వారానికోసారి ఆ డబ్బాలో ఏం రాశారో తీసి చూడు. అందులో "బెంగుళూర", "బెంగలూరా", "తోతపురి" అని కనబడితే, రకం కలపాల్సిన పని లేదు, నీ తోతాపురి ఆప్షన్ వాళ్లకు కనబడటం లేదని అర్థం. లేబుల్ మార్చి వరసలో పైకి తీసుకురా, పాత టోకెన్లను ఆ ఐడీకి తిప్పు. అది ఒక్క అప్‌డేట్ క్వెరీ. నడిపే ముందు బ్యాకప్ తీసుకో.